క్యాచింగ్ ఫైర్: రెండో పుస్తకం మొదటిదానికి రిపీటా? (కథ మొత్తం చర్చలో ఉంది, చదవనివాళ్లు జాగ్రత్త)

వెన్నెలపుట | శనివారం, ఉదయం 10:12

హంగర్ గేమ్స్ సిరీస్‌లో రెండో పుస్తకం గురించి ఎక్కడ చూసినా ఒకటే మాట: "మళ్లీ అదే అరీనా, మళ్లీ అదే ఆట." మొదటి పుస్తకం 2008లో, ఇది 2009లో వచ్చాయి కాబట్టి హడావుడిగా రాసేశారని కూడా అంటున్నారు. నేను ఒప్పుకోను. కొత్తవాళ్లకు ఒక మాట: ఏటా 12 డిస్ట్రిక్టుల నుంచి ఇద్దరేసి పిల్లల్ని (ట్రిబ్యూట్లు) రాజధాని క్యాపిటల్ ఒక అరీనాలోకి పంపి, ఒక్కరే మిగిలేదాకా ఒకరినొకరు చంపుకునే ఆటను టీవీలో చూపిస్తుంది. డిస్ట్రిక్ట్ 12 అమ్మాయి కాట్నిస్, అబ్బాయి పీటా మొదటి పుస్తకంలో గెలిచి బయటపడ్డారు.

పుస్తకం తెరిచి చూడండి. మొత్తం 27 అధ్యాయాలు. కాట్నిస్ అరీనాలోకి వెళ్లేది 19వ అధ్యాయంలో. మొదటి పుస్తకంలో 11వ అధ్యాయానికే ఆట మొదలైపోతుంది. అంటే రచయిత్రి సుజాన్ కాలిన్స్ ఈసారి పుస్తకంలో మూడింట రెండు వంతులు ఆట బయట జరిగే దానికే ఇచ్చారు. అసలు కథ అక్కడే ఉందని నా అభిప్రాయం.

మొదటి పుస్తకం చివర్లో కాట్నిస్, పీటా విషపు పళ్లు నోట్లో వేసుకోబోయింది ప్రాణాలతో బయటపడడానికి. అంతకు మించి ఆ పిల్లకు వేరే ఆలోచన లేదు. కానీ టీవీలో చూసిన జనానికి అది తిరుగుబాటులా కనిపించింది. రెండో పుస్తకమంతా ఆ ఒక్క పని ఆమె చేయి దాటిపోయి ఎక్కడెక్కడికి వెళ్లిందో చెబుతుంది. ప్రెసిడెంట్ స్నో స్వయంగా ఇంటికొచ్చి, అది ప్రేమ పిచ్చిలో చేసిన పని అని జనాన్ని నమ్మించమంటాడు. ఆమె నిజంగానే ప్రయత్నిస్తుంది! హీరోయిన్ తాను పెట్టిన మంటను తానే ఆర్పడానికి తంటాలు పడే తిరుగుబాటు నవల ఇది. మీరేమంటారు?

బెజవాడ_రీడర్ | శనివారం, ఉదయం 11:05

వెన్నెల గారూ, మొదటి సగం గురించి మీతో గొడవ లేదు. నా గొడవ చివరి పేజీలతో. కాట్నిస్ బాణానికి తీగ చుట్టి, అరీనా చుట్టూ ఉన్న కనబడని గోడ ఫోర్స్‌ఫీల్డ్ మీదకి వదులుతుంది, అరీనా పేలిపోతుంది, హోవర్‌క్రాఫ్ట్ వస్తుంది. కళ్లు తెరిచేసరికి ఆమె మెంటర్ హేమిచ్, ఆటను నడిపే గేమ్‌మేకర్ ప్లూటార్క్, తోటి ట్రిబ్యూట్ ఫినిక్ కూర్చుని ఉంటారు. ట్రిబ్యూట్లలో సగం మంది ఆమెను కాపాడే ప్లాన్‌లో ఉన్నారట, ప్లూటార్క్ మొదటినుంచీ తిరుగుబాటుదారుల మనిషట, ఎప్పుడో నాశనమైందని క్యాపిటల్ చెప్పిన డిస్ట్రిక్ట్ 13 బతికే ఉందట. ఇన్ని సంగతులు మాటల్లో చెప్పేస్తే ఎలా? కథ అంతా ఆమె కళ్లతోనే చూశాం. ఆమెకు తెలియకుండా అసలు కథ వేరే చోట నడిచిందంటే పాఠకుడిని మోసం చేసినట్టే.

ఓరుగల్లు_కుర్రాడు | శనివారం, మధ్యాహ్నం 1:30

మోసం ఎట్లా అవుతది అన్నా? క్లూలు అన్నీ ముందే ఉన్నయి. నేను రెండోసారి చదివినప్పుడు పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్న.

స్నో ఇంట్లో పార్టీ సీన్ చూడు. ప్లూటార్క్ తన గడియారం తీసి చూపిస్తడు, దాని మీద మాకింగ్‌జే (కాట్నిస్ పిన్ను మీది పక్షి, తిరుగుబాటుకి గుర్తు) ఒక్కసారి మెరిసి మాయమైతది. అర్ధరాత్రి మొదలైతది అని కూడా అంటడు. తర్వాత అరీనా మొత్తం గడియారమే! పన్నెండు భాగాలు, గంటకొక భాగంలో ఒక ప్రమాదం. పిడుగు పడేది పన్నెండుకి, బయటపడే ప్లాన్ అర్ధరాత్రికి.

ఇంకా ఉంది. ఆట మొదలవంగనే ఫినిక్ తన చేతికున్న బంగారు కంకణం చూపిస్తడు. అది హేమిచ్‌ది, వాళ్ల జట్టును చూసుకునే ఎఫీ ఇచ్చింది. అంటే ఇతన్ని నమ్ము అని హేమిచ్ పంపిన కబురు. ఇక బ్రెడ్డు కూడా కబురే. డిస్ట్రిక్ట్ 3 రొట్టెలు 24 వస్తయి. అంటే బయటపడేది మూడో రోజు, 24వ గంట. ఫినిక్ వాటిని ఎందుకు లెక్కపెడుతున్నడో కాట్నిస్‌కి అర్థం కాదు. మనం కూడా ఆమెతో పాటే పట్టించుకోం.

చదువరి | శనివారం, మధ్యాహ్నం 2:48

ఓరుగల్లు తమ్ముడు చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. అరీనాకి వెళ్లేముందు హేమిచ్ ఇచ్చే ఆఖరి సలహా, అసలు శత్రువు ఎవరో గుర్తుంచుకో అని. చివర్లో పిడుగు పడే చెట్టు దగ్గర శత్రు ట్రిబ్యూట్ ఎనొబారియా మీదకో ఫినిక్ మీదకో బాణం ఎక్కుపెట్టి ఉన్నప్పుడు ఆమెకు ఆ మాట గుర్తొస్తుంది. బాణం మనుషుల మీది నుంచి పైకి, ఫోర్స్‌ఫీల్డ్ వైపు తిరుగుతుంది. ప్లాన్ ఆమెకు తెలియదు. డిస్ట్రిక్ట్ 3 ట్రిబ్యూట్ బీటీ కత్తికి తీగ చుట్టి ఏం చేయబోయాడో మాత్రం ఆ క్షణంలో ఊహిస్తుంది. కాబట్టి క్లైమాక్స్‌లో పని చేసింది ఆమే. తర్వాత హేమిచ్ చెప్పేది వెనకాల ఏం జరిగిందన్నది మాత్రమే.

బెజవాడ గారి అసంతృప్తి నాకు అర్థమవుతుంది. కానీ ఆమెకు ముందే తెలిసి ఉంటే ఈ పుస్తకం వేరే పుస్తకం అయ్యేది. అన్నీ తెలిసిన నాయకురాలి సాహసకథ అయ్యేది.

బెజవాడ_రీడర్ | శనివారం, మధ్యాహ్నం 3:10

క్లూలు ఉన్నాయని ఒప్పుకుంటాను. నేనడిగేది వేరు. చెట్టు దగ్గర్నుంచి తీగ పరుచుకుంటూ ఇద్దరూ కిందికి వెళ్తుండగా తోటి ట్రిబ్యూట్ జొహానా కాట్నిస్ తల మీద కొట్టి, చేయి కోస్తుంది. ట్రాకర్ తీయడానికని తర్వాత తెలుస్తుంది. ఒక్క మాట చెవిలో చెబితే సరిపోయేది కదా? చిన్నప్పటినుంచీ ఆటకు శిక్షణ పొందిన కెరీర్ ట్రిబ్యూట్లు తరుముకొస్తున్నారు, టైం లేదు, సరే. కానీ మూడు రోజులు కలిసి ఉన్నారు. కెమెరాలు ఉన్నాయి కాబట్టి చెప్పలేదన్న జవాబు నాకు సరిపోదు. ట్రైనింగ్ రోజుల్లో, ఇల్లు వదిలేముందు హేమిచ్ చెప్పి ఉండొచ్చు. చెప్పకపోవడానికి కారణం అతనికి ఆమె మీద నమ్మకం లేకపోవడమే. అది అన్యాయం.

లక్ష్మీ_టీచర్ | శనివారం, సాయంత్రం 6:22

అన్యాయమే బాబూ. పుస్తకం కూడా అదే అంటోంది కదా. నిజం తెలియగానే ఆమె హేమిచ్ మొహం గోళ్లతో రక్కేస్తుంది. పీటాని కాపాడతానని హేమిచ్ ఆమెకు మాటిచ్చాడు. ఆమెను కాపాడతానని పీటాకీ మాటిచ్చాడు. ఇద్దరికీ ఒకేసారి నిజం కాగల మాటలు కావవి. చివరికి పీటా క్యాపిటల్ చేతిలో చిక్కుకున్నాడు. పెద్దవాళ్లు మంచి ఉద్దేశంతోనే పిల్లల్ని పావులుగా వాడుకున్నారు. క్యాపిటల్ ఆడించిన ఆట ముగిసేసరికి ఇంకొకరి ఆటలో ఉన్నానని ఆ పిల్లకు తెలుస్తుంది. ఈ సిరీస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే: తిరుగుబాటు చేసేవాళ్లను దేవుళ్లుగా చూపించలేదు.

మా స్కూల్ లైబ్రరీ కోసం ఈ సిరీస్ తెప్పిద్దామని ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇవ్వొచ్చా? మొదటి పుస్తకం సరే. రెండోదాంట్లో కొరడా దెబ్బలు, కాల్పులు ఉన్నాయి. తల్లిదండ్రులు ఏమంటారోనని కాస్త టెన్షన్‌గా ఉంది.

డల్లాస్_అమ్మ | శనివారం, రాత్రి 9:54

టీచర్ గారూ, మా అమ్మాయి, నేను కలిసి చదివాం. నా భయమంతా అరీనాలో కోతుల దాడి, ఒళ్లు కాల్చే విషపు పొగమంచు లాంటి చోట్ల. ఆమె అవన్నీ గబగబా చదివేసింది. పుస్తకం మూసేసింది డారియస్ దగ్గర. డిస్ట్రిక్ట్ 12లో అందరితో జోకులేసే పీస్‌కీపర్ (క్యాపిటల్ పోలీసు) అతను. కాట్నిస్ స్నేహితుడు గేల్‌ని కొరడాతో కొడుతుంటే ఆపబోయాడు. తర్వాత క్యాపిటల్‌లో నాలుక కోసేసి, కాట్నిస్ వాళ్లకే సేవకుడిగా పెడతారు. "అమ్మా, అతను మంచి పని చేశాడు కదా" అని అడిగింది. చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

నా అభిప్రాయం అడిగితే ఇవ్వండి, కానీ ఒంటరిగా చదవమని వదిలేయకండి. ఈ పుస్తకంలో హింస సరదా కోసం రాసింది కాదు. కాలిన్స్ నాన్నగారు అమెరికా వైమానిక దళంలో అధికారి, వియత్నాం యుద్ధానికి వెళ్లారు. టీవీలో ఛానళ్లు మారుస్తుంటే ఒకచోట రియాలిటీ షో, ఇంకోచోట ఇరాక్ యుద్ధం దృశ్యాలు కలగలిసిపోయి ఈ కథ తట్టిందని ఆమే చెప్పారు.

ఓరుగల్లు_కుర్రాడు | శనివారం, రాత్రి 10:15

ఆంటీ చెప్పింది కరెక్ట్. ఆమె ఇంకో సంగతి కూడా చెప్పారు, గ్రీకుల థీసియస్ కథ. ఏథెన్స్ వాళ్లు క్రీట్ రాజుకి పిల్లలను పంపాలి, వాళ్లను మినోటార్ తింటది. నాకైతే చదువుతుంటే ఏకచక్రపురం గుర్తొచ్చింది. బకాసురుడికి రోజుకొక ఇంటి వంతు. తప్పించుకునే వీల్లేదు, ఊరంతా తల వంచుకుని ఒప్పుకుంటది. కానీ ఒకసారి వంతు తీరినోణ్ని మళ్లీ పంపుడు అక్కడ లేదు. ఇక్కడ గెలిచినోళ్లనే మళ్లీ పంపిస్తున్నరు. క్వార్టర్ క్వెల్ చీటీ చదివిన సీన్‌లో నిజంగా నా చేతులు చల్లబడ్డయి.

మోడరేటర్ | ఆదివారం, ఉదయం 8:00

చర్చ చక్కగా సాగుతోంది. గేల్, పీటాలలో ఎవరు మేలు అన్న వాదనలకు వేరే దారం ఉంది, దయచేసి అక్కడ రాయండి. ఆ అంశం మీద ఇక్కడికొచ్చిన కొన్ని పోస్టులు అక్కడికి మార్చాను. మూడో పుస్తకంలోని సంగతులు చెప్పాల్సి వస్తే ముందుగా హెచ్చరిక పెట్టండి.

చదువరి | ఆదివారం, ఉదయం 9:37

క్వార్టర్ క్వెల్ చీటీ సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అది 75 ఏళ్ల కింద రాసిందేనా, లేక స్నో అప్పటికప్పుడు రాయించిందా?

ప్రతి 25 ఏళ్లకోసారి వచ్చే ప్రత్యేక ఆట అది. 25వ ఆటలో ఎవరిని పంపాలో డిస్ట్రిక్ట్ జనమే ఓట్లేసి తేల్చుకోవాలన్నారు. 50వ ఆటలో రెట్టింపు మందిని, 48 మంది పిల్లల్ని పంపమన్నారు. రెండిటి ఉద్దేశమూ జనాన్ని అవమానించడమే. 75వదానికి వచ్చేసరికి, బతికున్న విజేతల్లోంచే ఎంపిక అంటారు. 12లో బతికున్న మహిళా విజేత కాట్నిస్ ఒక్కతే. ఆమెను పేరు పెట్టి పిలిచినట్టే ఉంది కదా. కాలిన్స్ తేల్చి చెప్పలేదు. నా లెక్కలో అది స్నో పనే.

వెన్నెలపుట | ఆదివారం, ఉదయం 10:20

స్నో పనే అనుకుందాం. అయితే అది అతను చేసిన అతి పెద్ద తప్పు కూడా. ఆలోచించండి, డిస్ట్రిక్టులు ఒకదాని ముఖం ఒకటి చూడకుండా 75 ఏళ్లు కంచెలు కట్టి ఉంచారు. 12 వాళ్లకు 11లో ఏం జరుగుతుందో తెలియదు. దేశం మొత్తం మీద అన్ని డిస్ట్రిక్టుల వాళ్లూ ఒకరికొకరు బాగా తెలిసిన గుంపు ఒక్కటే ఉంది, విజేతలు. ఏటా మెంటర్లుగా క్యాపిటల్‌కి వస్తారు, కలిసి తాగుతారు, తమ పిల్లలు చనిపోవడం కలిసి చూస్తారు. హేమిచ్, 11కి చెందిన ఛాఫ్ ఎంత దగ్గరి స్నేహితులో చూశాం కదా. ఆ గుంపునే తీసుకొచ్చి, చావమని ఒకే వేదిక మీద నిలబెట్టాడు.

ఫలితం ఇంటర్వ్యూల రాత్రి కనబడింది. కాట్నిస్ డ్రెస్ డిజైనర్ సిన్నా కుట్టిన పెళ్లి గౌను కాలిపోయి మాకింగ్‌జే రెక్కలు బయటపడ్డాయి. పీటా, తమకు రహస్యంగా పెళ్లయిందని, కాట్నిస్ గర్భవతి అని చెప్పాడు. అది అబద్ధమే, కానీ ఎంత పదునైన అబద్ధం! క్యాపిటల్ జనమే ఆట ఆపమని అరిచారు. ఆ తర్వాత 24 మంది చేతులు కలిపి నిలబడ్డారు. ఆ దృశ్యం బయటికి పోకుండా లైట్లు తీసేయాల్సి వచ్చింది. నాకు ఈ పుస్తకంలో అసలు క్లైమాక్స్ అదే. అరీనా పేలడం ఆ తర్వాతే.

బెజవాడ_రీడర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:02

ఇది బాగా చెప్పారు. ఆ సీన్ రాసిన తీరు నాకూ నచ్చింది. మరి అరీనా ఎందుకు అన్న ప్రశ్న ఇంకా బలంగా వస్తుంది. చేతులు కలిపిన చోటే ఆపేసి, మిగతా భాగంలో డిస్ట్రిక్టుల్లో తిరుగుబాట్లు చూపించి ఉంటే? డిస్ట్రిక్ట్ 8లో గొడవలు మేయర్ ఇంట్లో టీవీలో కాసేపు కనబడతాయి, అంతే. బానీ, ట్విల్ ఇద్దరూ 8 నుంచి పారిపోయి వచ్చి అడవిలో కాట్నిస్‌కి కనబడతారు. బట్టల ఫ్యాక్టరీల్లో జనం ఎలా కూడగట్టుకున్నారో వాళ్ల నోటితో వింటాం. అది కళ్లకు కట్టినట్టు చదవాలని నాకుండేది.

లక్ష్మీ_టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

కాట్నిస్ చూడలేనిది మనమూ చూడలేం. ఆమె గొంతుతో, అప్పుడే జరుగుతున్నట్టు రాసిన పుస్తకం ఇది. ఆ ఇరుకు నాకు నచ్చింది. వార్తలన్నీ క్యాపిటల్ చేతిలో ఉన్న దేశంలో మామూలు మనిషికి తెలిసేది అంతే. డిస్ట్రిక్ట్ 13 శిథిలాలు అని టీవీలో చూపించేది పాత వీడియో. ఎప్పుడు చూపించినా పైన ఒక మూల అదే మాకింగ్‌జే రెక్క కదులుతుంది. ట్విల్ చెప్పిన ఆ చిన్న గుర్తుతోనే ప్రభుత్వం అబద్ధం చెబుతోందని తేలుతుంది. ఈ ఒక్క పేరా చాలు నాకు, పిల్లలతో ఒక క్లాసు మొత్తం మాట్లాడడానికి.

అరీనా గురించి అడిగారు కదా. మాగ్స్ కోసమైనా అరీనా ఉండాలి. ఫినిక్ డిస్ట్రిక్ట్‌కి చెందిన 80 ఏళ్ల ముసలమ్మ, అతను ప్రేమించే ఆనీ బదులు తానే ముందుకొచ్చింది. విషపు పొగమంచులో ఫినిక్ ఇద్దర్ని మోయలేడని అర్థమై, అతనికి ముద్దిచ్చి తనంతట తానే మంచులోకి నడిచి వెళ్లిపోయింది. మొదటి పుస్తకంలో ఒకరినొకరు చంపుకోవడమే ఆట. ఇక్కడ ఒకరి కోసం ఒకరు చనిపోతున్నారు. పీటా మీదకి కోతి దూకితే అడ్డం వచ్చిన ఆరో డిస్ట్రిక్ట్ ఆవిడ పేరు కూడా మనకు చెప్పలేదు. అరీనా అదే, ఆట అది కాదు.

బెజవాడ_రీడర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

టీచర్ గారూ, మాగ్స్ మాట మీద నేనేం వాదించను. చివరి పేజీల మీద మాత్రం నా మాట నాదే.

డల్లాస్_అమ్మ | ఆదివారం, సాయంత్రం 7:30

2013 సినిమా సంగతి ఎవరూ ఎత్తలేదు. బెజవాడ గారి సమస్యకు దర్శకుడు ఫ్రాన్సిస్ లారెన్స్ ఒక దారి చూపించారు. సినిమాలో స్నో, ప్లూటార్క్ కూర్చుని కాట్నిస్‌ని ఎలా దెబ్బతీయాలో మాట్లాడుకునే సీన్లు ఉన్నాయి. పుస్తకంలో అవి లేవు. ప్లూటార్క్ దుర్మార్గుడని ప్రేక్షకుడు నమ్మేస్తాడు, చివర్లో అతను మనవాడే అని తెలిసినప్పుడు దెబ్బ గట్టిగా తగులుతుంది. స్నో మనవరాలు కాట్నిస్‌లా జడ వేసుకోవడం కూడా సినిమావాళ్లు కలిపిందే. బానీ, ట్విల్‌ని మాత్రం తీసేశారు, అది నాకు నచ్చలేదు.

చదువరి | ఆదివారం, రాత్రి 8:51

కాట్నిస్ చేసిన పని ఆమె చేయి దాటి వెళ్లడం గురించి వెన్నెల గారు మొదట్లో అన్నారు. ఈ కథ అలాగే బయటికి వెళ్లింది. డిస్ట్రిక్ట్ 11లో కాట్నిస్, మొదటి ఆటలో చనిపోయిన అక్కడి అమ్మాయి రూ గురించి మాట్లాడాక ఒక ముసలాయన రూ పాట నాలుగు స్వరాలు ఈల వేస్తాడు, జనమంతా మూడు వేళ్లు పెదవులకు ఆనించి ఆమె వైపు చాపుతారు. ఆ ముసలాయన్ని మెట్ల మీదకి లాక్కొచ్చి కాల్చేస్తారు. 2014లో థాయిలాండ్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక జనం ఇదే మూడు వేళ్లు ఎత్తి నిరసన తెలిపారు. అలా ఎత్తినందుకు కొందరిని అదుపులోకి తీసుకున్నారు. 2021లో మయన్మార్‌లో సైన్యం వచ్చినప్పుడు అక్కడి వీధుల్లో కూడా అవే వేళ్లు లేచాయి. టీనేజ్ పిల్లల పుస్తకం కదా అని తీసిపారేసేవాళ్లకు నేను ఇదే చూపిస్తాను.

కొత్త_పేజీ | సోమవారం, ఉదయం 7:45

నమస్కారం అందరికీ. నేను రెండో పుస్తకం నిన్ననే పూర్తి చేశాను. చివరి వాక్యంలో డిస్ట్రిక్ట్ 12 ఇక లేదని గేల్ చెప్పాక నిద్ర పట్టలేదు. 2025లో హేమిచ్ ఆట మీద వచ్చిన పుస్తకం ఉంది కదా, మూడోదానికి ముందు అది చదవొచ్చా?

ఓరుగల్లు_కుర్రాడు | సోమవారం, ఉదయం 8:20

మూడోది ముందు చదువు, హేమిచ్‌ది తర్వాత. రెండో పుస్తకంలో కాట్నిస్, పీటా రైల్లో 50వ ఆట టేపు చూస్తరు గుర్తుందా? హేమిచ్ ఫోర్స్‌ఫీల్డ్‌ని వాడుకుని గెలిచినది. ఆ టేపులో చూపించింది ఎంత, కోసేసింది ఎంత అనేది 2025 పుస్తకంలో తెలుస్తది. మాగ్స్, వైరెస్, బీటీ, ప్లూటార్క్ అందరూ అందులో ఉంటరు. అది చదివినంక రెండో పుస్తకం మళ్లీ పట్టుకో. మాగ్స్ మంచులోకి పోయేటప్పుడు, హేమిచ్ ఎవరిని పోగొట్టుకుంటున్నడో అప్పుడు తెలుస్తది.

వెన్నెలపుట | సోమవారం, ఉదయం 8:41

ఇదే ఆర్డర్ నేనూ చెబుతాను. మూడోది మొదలుపెట్టాక ఇక్కడికి రండి కొత్త పేజీ గారూ, దానికి విడిగా దారం తెరిచి ఉంది. బెజవాడ గారూ, మీరు కూడా రండి, హేమిచ్ మీద మీ కోపానికి అక్కడ ఇంకా పని ఉంది.